వాళ్ళమ్మ చాప మీద వేపాకు

నేను హైస్కూల్లో సైన్సు చెబుతాను. గాలి సోకిందని బడి మానేసిన పిల్లల్ని క్లాసులో నిలబెట్టి ఏడిపించిన వాణ్ణి. అందుకే ఇది దెయ్యం కథ అనను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

రాష్ట్రం విడిపోయిన ఏడాది మా చెల్లి పార్వతికి పిత్తాశయంలో రాళ్ళున్నాయన్నారు. బావకి సెలవు దొరకలేదు. నాలుగేళ్ళ కూతురు గౌరిని నరసన్నపేట దగ్గర మా ఊళ్ళో అమ్మకి అప్పగించి, చెల్లిని నేనే విజయనగరం ఆసుపత్రికి తీసుకెళ్ళాను.

ఇంతకుముందు ఆపరేషన్ జరిగిందా, ఏ మందైనా పడలేదా అని మత్తు డాక్టరు ఓపిగ్గానే అడిగాడు. పదహారో ఏట అపెండిక్స్ తీశారు, ఏ ఇబ్బందీ రాలేదని నేనే చెప్పేశాను.

కావాలని అబద్ధమాడలేదు. ఆ ఆపరేషన్ అయిన రోజే చెల్లికి ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. అమ్మవారు పోసిందని అమ్మ డాక్టర్ల కంటపడకుండా దుప్పటి కప్పి ఉంచి, మర్నాడే ఇంటికి తెచ్చి వేపాకు మీద పడుకోబెట్టింది. మా ఇంట్లో అమ్మవారు జబ్బు లెక్కలోకి రాదు, ఆ మాట బయట అనకూడదు. సైన్సు మాస్టారినైన నాకూ అది మందు పడకపోవడమని తోచలేదు.

చెల్లిని లోపలికి తీసుకెళ్ళిన కాసేపటికి అమ్మ ఫోను చేసింది.

"ఒరే, మన గౌరి, వాళ్ళమ్మ పడుకునే సాప మీద వేపాకు పరిసేత్తన్నాది. అమ్మకి దద్దుర్లొచ్చినాయి అంటన్నాది. డాక్టరుకి ఓపాలి సెప్పరా."

పక్క బెంచీ మీద మా బడి పిల్లాడి తండ్రి కూర్చుని ఉన్నాడు. అతని ముందు వేపాకు మాటలు నామోషీ అనిపించాయి. చిన్నపిల్ల ఏదో ఆడుకుంటోంది, తర్వాత చేస్తానని పెట్టేశాను.

తర్వాత లోపల హడావిడి. కండరాలు సడలడానికి ఇచ్చిన ఇంజెక్షన్ పడలేదని, దద్దుర్లు లేచి బీపీ పడిపోయిందని డాక్టరు బయటికొచ్చి చెప్పాడు. ఎప్పుడైనా ఇలా వచ్చిందా అని మళ్ళీ అడిగాడు. అప్పుడు చెప్పాను. గంటలో చెల్లి పోయింది.

అపెండిక్స్ నాటి సంగతి గౌరికి ఎవరూ చెప్పలేదు. ఊరికెళ్ళాక, ఎవరు చెప్పారే అని నేను అడిగితే, "అమ్మే సెప్పినాది" అంది.

ఆసుపత్రి కాగితాల్లో ఆ ఇంజెక్షన్ ఇచ్చిన టైము ఉంది. అమ్మ ఫోను దానికి ఆరు నిమిషాల ముందు వచ్చింది. ఫోన్లో ఎన్నోసార్లు చూసుకున్నాను. ఇది ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

గౌరి ఇప్పుడు నా దగ్గరే ఉండి చదువుకుంటోంది. వాళ్ళమ్మ ఎలా పోయిందని అడిగితే మందు పడక పోయిందని చెప్పాను. ఆ ఆరు నిమిషాల సంగతి చెప్పే ధైర్యం మాత్రం నాకు లేదు.