మామగారి మొహం మీది మచ్చలు

బావమరిది అశోక్‌నగర్‌లో ఫ్లాటు కొని గృహప్రవేశం చేశాడు. సోఫా పైన గోడకు పోయిన మా మామగారి ఫోటో తగిలించాడు. ఎప్పుడో నేను తీసి ఇచ్చిన చిన్న ప్రింటును ఫోన్‌లోకి ఎక్కించి, ప్రింటు పోగొట్టి, ఏదో యాప్‌తో నున్నగా చేయించాడు. చిన్నప్పుడు అమ్మవారు పోసి మిగిల్చిన మచ్చలన్నీ మాయం. పెద్దాయన కోచింగ్ సెంటరు ఫ్లెక్సీ మీది ఫస్టు ర్యాంకరులా మెరిసిపోతున్నాడు. నెగెటివు నా బీరువాలో ఉంది. నన్నెవరూ అడగలేదు. పైగా భోజనాల దగ్గర పదిమంది ముందు, "మా బావ ఇంకా బాత్రూంల ఫోటోలు కడుగుతుంటడు" అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది.

మా అత్తగారు మాత్రం ఆ గోడకేసి చూసి, "ఈయనెవరు?" అంది.

ఆ తరువాతి ఆదివారం చిక్కడపల్లిలో మా ఇంటి బాత్రూం తలుపు సందులు నల్లగుడ్డతో మూసి, ఎర్ర బల్బు వేసి, మూడు ట్రేలు పరిచాను. మొదటిది బొమ్మ తేల్చే మందు, రెండోది ఆపేది, మూడోది నిలిపేది. దేని పటకారు దానికే. మూడోదాని మందు మొదటిదాంట్లో కలిసిందా, బొమ్మ చెడినట్టే. ఫోటో కాగితాల ప్యాకెట్‌లో మిగిలింది ఒక్కటే. మా దగ్గరే ఉండే అత్తగారు చూస్తానని స్టూలు వేసుకుంది. పెసరట్ల వేళకు వచ్చిన బావమరిది సాయం చేస్తానని దూరాడు.

"దేనికి బావా గింత పరేషాన్? ఫోన్ల ఒక్కసారి నొక్కితే అయిపోతది."

నెగెటివు గుండా దీపం వేసి, దాని నీడ పట్టిన కాగితాన్ని మొదటి ట్రేలో వేశాను. మూల పైకి లేచింది. అదుముదామని వాడు మూడో ట్రేలోని పటకారు తీశాడు. నేను నోరు తెరిచేలోపే అత్తగారు వాడి చేతి మీద ఒక్కటి వేసింది.

"ఆ ఎంగిలి పటకారు ఇందులో పెడతావురా? తిన్న చెంచా పచ్చడి జాడీలో ముంచుతావా?"

పన్నెండేళ్లుగా ఈవిడ మడి మీద నేను విసుర్లు విసురుతున్నాను. ఇంత ఊళ్లో నా విద్య అర్థమైంది ఈవిడకేనని ఒప్పుకోవలసి రావడం నాకేం సరదాగా లేదు.

ఎర్ర వెలుగులో ముందు మీసం తేలింది. తరువాత బుగ్గలు, వాటి మీద ఒక్కొక్కటే మచ్చలు. అత్తగారు ట్రే మీదికి వంగింది.

"వచ్చాడు" అంది.

ప్రింటు కడిగి ఆరేశాక బావమరిది గొంతు సవరించుకున్నాడు. "మంచిగనే వచ్చింది. ఫ్లాట్ల ఆ ఫోటో తీసేసి ఇది పెడతనమ్మా."

"నీ గోడమీదాయన్ని నువ్వే ఉంచుకో. ఈయన నా మంచం పక్కన ఉంటాడు."

వాడు జేబులోంచి ఫోన్ తీశాడు. "ఒక్క ఫోటో తీస్కుంట బావా. మచ్చలు ముట్టుకోను."

అత్తగారు నాకేసి చూసింది, నీ ఇష్టం అన్నట్టు.

నేను తీసుకోనివ్వలేదు.