ఈశ్వరి వడకని నూలు

పొందూరులో ఈశ్వరి నూలంటే కళ్ళు మూసుకుని తీసుకుంటారు. ఇరవై రెండేళ్ళుగా రాట్నం ముందు కూర్చున్న మనిషి, వెంట్రుకంత సన్నగా తీస్తుంది పోగు. అలాంటామె తెచ్చిన నూలు చుట్టల్లో ఒక చిలప ముతకగా, గడ్డలు గడ్డలుగా కనబడేసరికి, ఖాదీ సంఘంలో నూలు తీసుకునే నరసింగరావు కళ్ళజోడు సవరించుకున్నాడు.

"ఏటమ్మా, ఇది నీ సెయ్యి కాదే?"

"మా బిందు నేర్సుకుంటంది బాబూ," అనేసింది ఈశ్వరి.

పచ్చి అబద్ధం. బిందు ఈ ఏడే డిగ్రీలో చేరిన పిల్ల, రాట్నం జోలికే రాదు. ఆ చిలప ఎవరు తీశారో ఈశ్వరికే తెలీదు. ఇంట్లో ఉన్నదా, తల్లీకూతుళ్ళిద్దరే.

ఇది ఇవాళ్టి సంగతి కాదు. పదేళ్ళ కిందట భర్త పోయాక మొదలైంది. పొద్దున్న రాట్నం ముందు కూర్చున్నట్టు గుర్తుంటుంది, తేరుకుని చూస్తే సాయంత్రం. నడుమ ఏం జరిగిందో తెలీదు. తలకి మాత్రం ఎవరో రెండు జడలేసి ఉంటారు. అమ్మవారు పూనుతోందని ఊళ్ళో అన్నారు. ఆ మాట ఈశ్వరికి హాయిగానే ఉండేది. అమ్మవారంటే దణ్ణం పెడతారు, జబ్బంటే పిచ్చిదంటారు మరి!

ఆశా కార్యకర్త పద్మకుమారి మాత్రం వదల్లేదు. "సీకాకులంలో మనసు జబ్బులకి డాక్టరున్నాది వొదినా, ఒకపాలి సూపించుకో," అని పోరింది. ఆ పోరు పడలేక ఒక్కసారి వెళ్ళింది. చీటీ రాయించుకుని వరసలో కూర్చుంది. ఎదుట తమ వీధి మనిషి కనబడేసరికి ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని బస్సెక్కేసింది. తొమ్మిదేళ్ళయింది. ఇంకో పావుగంట కూర్చుంటే ఏం పోయేదని ఎన్నిసార్లు అనుకుందో! అనుకోవడమే గాని మళ్ళీ వెళ్ళింది లేదు.

ఇంటికొచ్చి చిలప కూతురి ముందు పడేసింది.

"ఇది నువ్వు తీసేవేటే?"

బిందు తలొంచుకుంది. "నాను కాదమ్మా. బుల్లి తీసింది."

"బుల్లెవర్తే?"

అప్పుడు బయటపెట్టింది పిల్ల. తల్లికి గుర్తులేని పూటల్లో తల్లే చిన్నపిల్లయిపోతుందట. పేరు బుల్లి అంటుందట. ఉరుమంటే భయమట. మరమరాలు పెట్టమని, రెండు జడలెయ్యమని మారాం చేస్తుందట. బిందుని అక్కా అంటుందట.

"ఫోన్లో సూసేనమ్మా. ఒక మనిసిలో ఇంకో మనిసున్నట్టు ఉంటాదట కొందరికి. నీది అదో కాదో మనకేటి తెలుస్తాది? డాక్టరే సెప్పాల."

ఈశ్వరి గోడకి చేరబడిపోయింది. కన్నకూతురు తనకి అక్కయి అన్నం పెట్టింది, జడలేసింది. తనకి ఆ సంగతే తెలీదు. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

"ఎప్పట్నించే?"

"నా మూడో తరగతి నించి."

"మరి నాకు సెప్పలేదేటే?"

"సెప్పేనమ్మా. నువ్వు కొట్టీసేవు."

ఎన్నో పూటలు పోగొట్టుకున్న ఈశ్వరికి ఆ పూట మాత్రం పూస గుచ్చినట్టు గుర్తొచ్చింది. బడి నుంచి వచ్చిన పిల్ల, "నిన్న నువ్వు నన్ను అక్కా అన్నావు," అని నవ్వుతూ చెప్పింది. తను చెంప ఛెళ్ళుమనిపించి, ఈ మాట ఇంకెక్కడా అనొద్దంది. కొట్టింది బుల్లి కాదు, అచ్చంగా తనే.

బుగ్గ నిమురుదామని చెయ్యి చాపింది. బిందు చటుక్కున ముఖం వెనక్కి తీసుకుంది.

"రేపు ఆస్పత్రికి ఎల్దామే," అంది ఈశ్వరి, చాపిన చెయ్యి ఒళ్ళోకి తీసుకుని.