పాస్టరయ్య పలక మీది అక్షరాలు

మా ఊరి పాస్టరయ్య మొదట్లో పిల్లల కోసమే మ్యాజిక్ చేసేవాడు. ఎండాకాలం సెలవుల్లో చర్చిలో వాళ్లకు బైబిలు కథలు చెప్పి, చివర్లో ఎర్ర రుమాలు పిడికిట్లో కుక్కి ఊదేవాడు. చెయ్యి తెరిస్తే రుమాలు ఉండేది కాదు. పిల్లలు కేకలు పెట్టేవారు. అప్పుడాయన నవ్వి, "ఇది నా చేతి పనితనమప్పా, దేవుని పని కాదు" అనేవాడు. ఆ మాట కోసమే నేను ఆయన్ను గౌరవించాను.

తరువాత చుట్టుపక్కల ఊళ్లలో ప్రార్థన కూటాలు పెట్టాడు. మైకులు వచ్చాయి, మెరిసే కోటు వచ్చింది, కోటులో దాచడానికి పావురం వచ్చింది. ఆ ఒక్క మాట మాత్రం పోయింది. వేంపల్లె కూటంలో గాజు గ్లాసులో నీళ్లను ఎర్రగా మారిస్తే జనం ఏడుస్తూ మోకరించారని, వెంట వెళ్లిన మా ఆయన గొప్పగా చెప్పాడు. పాస్టరయ్య నిజం చెప్పక వాళ్లను మోకాళ్ల మీదే ఉండనిచ్చాడట. ఆదివారం చర్చిలో ప్రభువు భోజనం ఇస్తూ ఆ వేళ్లతోనే రొట్టె ముక్క నా నోటికి అందించాడు. అత్తరు, పావురం రెట్ట కలిసిన వాసన. ఎలాగో మింగాను.

నాకు అక్షరాలు వచ్చింది తల నెరిశాక. నేర్పింది మా కోడలు. నాపరాళ్ల ఫ్యాక్టరీలో పనిచేసి, ఒళ్లంతా రాతిపిండితో ఇంటికి వచ్చి, అరుగు మీది నల్లబండనే నాకు పలక చేసింది. తను రాసిన అక్షరం మీద నేను బలపంతో దిద్దేదాన్ని. "అత్తా, అది 'ళ' కాదు, మన బర్రె చెవి" అని నవ్వేది. తడిగుడ్డతో తుడిచి మళ్లీ రాసేది.

నేను కూడబలుక్కుంటూ బైబిలు చదవడం చూసి పాస్టరయ్య ఇంటికి వచ్చాడు.

"అమ్మా, మన ఊరి కూటంలో సాక్ష్యం చెప్పాల. నేను ప్రార్థన చేస్తే ఒక్క పొద్దులో అక్షరాలు వచ్చినాయను, చాలు."

"అట్ల రాలేదు గదా అయ్యగారూ. మా కోడలు నేర్పింది."

"ఎవరు నేర్పినా అంతా ఆయనే గదమ్మా" అని వేలు పైకెత్తాడు. ఆ వేలి వెనక కూడా ఏదో దాగున్నట్టే అనిపించింది.

ఆయన పోగానే మా ఆయన అందుకున్నాడు. "అయ్యగారికే ఎదురు చెప్తాండావే! రేపు సస్తే మనల్ని పూడ్చేకాడ ప్రార్థన ఎవరు చేస్తారు?"

"నువ్వు ముందు పోయేటట్టుంటే చెప్పు, ఇప్పుడే పోయి కాళ్లు పట్టుకుంటా" అన్నాను.

కోడలు బలపం తీసి గూట్లో పెట్టింది. ఆ రోజు నాతో దిద్దించలేదు. నేను సాక్ష్యం చెప్తే ఆమె ఇక ఎప్పటికీ దిద్దించదని నాకు అర్థమైంది.

కూటంలో పాస్టరయ్య ఒక పలకను రెండు వైపులా తుడిచి చూపించాడు. పేపర్లో చుట్టి, కళ్లు మూసుకుని ప్రార్థించాడు. విప్పితే పలక మీద తెల్లటి అక్షరాలు. నన్ను పైకి పిలిచి చదవమన్నాడు. "భయపడకుము" అని చదివాను. జనం హల్లెలూయా అంటూ లేచారు.

"వేలిముద్ర వేసే నీకు ఈ అక్షరాలు ఎవరిచ్చారమ్మా?" అని మైకు నా నోటి ముందు పెట్టాడు.

"మా కోడలు. అరుగు మీద దిద్దించింది. శానా దినాలు పట్టింది."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. మైకు లాక్కుని, "చూశారా! ప్రభువు కోడలి రూపంలో వచ్చాడు!" అన్నాడు. ఇంకా పెద్దగా హల్లెలూయా.

కిందికి దిగాక కోడలు నా చెయ్యి పట్టుకుంది. "ఎర్ర రుమాలు మాదిరి నన్నూ మాయం చేసినాడు గదత్తా." నేను పందిరి వెనక్కి పోయి ఉమ్మేశాను.

ఆ కూటం వీడియో ఫోన్లలో తిరిగింది. అందులో నేను చదవడం ఉంది, నా జవాబు లేదు. అది చూసి ఓర్వకల్లు వైపు నుంచి ఒకామె వెతుక్కుంటూ వచ్చింది. వచ్చీ రాగానే నా చెయ్యి తీసి కళ్లకద్దుకుంది.

"నా తలకాయ మీద ఒక్కసారి చెయ్యి పెట్టక్కా. నాకూ చదువు రావల్ల."

ఆమె పట్టుకున్న నా చెయ్యి నాకే పాస్టరయ్య చెయ్యిలా కనిపించింది. వెనక్కి లాక్కున్నాను.

"కూచో. మా కోడలు దిద్దిస్తాది."

"దిద్దేదానికైతే ఇంత దూరం యాల వస్తాను? చెయ్యి పెడితే నీదేం పోతాది?" అని విసురుగా వెళ్లిపోయింది.

కోడలు అరుగు తుడిచి, గూట్లోని బలపం తీసింది. "రా అత్తా, ఒత్తులు ఇంకా మిగిలుండాయి."

తొట్టి దగ్గరికి పోయి, సబ్బు పెట్టి రెండు చేతులూ కడుక్కున్నాను. తరువాత వచ్చి కూర్చున్నాను.