ఒక్కపూట ల్యాబు

ఎనభైల మొదట్లో నేను మా తాలూకా ఆసుపత్రిలో ల్యాబ్ అసిస్టెంట్‌ని. జ్వరంతో వచ్చినవాళ్ల వేలు గుచ్చి, ఆ నెత్తురు చుక్కలో మలేరియా ఉందో లేదో చూడటమే నా ఉద్యోగం. ఉన్నది ఒక్క మైక్రోస్కోపు, దానికీ ఒక మర వదులు. అలాంటి చోటికి హైదరాబాదు నుంచి ఒక ప్రొఫెసరు గారు జీపులో దిగి, మాకు అరచేతిలో వైకుంఠం చూపించారు.

పరిశోధనలన్నీ పెద్ద ఊళ్లలోనే జరుగుతున్నాయని, మాలాంటి కరువు ప్రాంతాల్లో ఇక్కడివాళ్లే చేసుకోగలిగేలా తయారుచెయ్యాలని ఒక విదేశీ సంస్థ గ్రాంటు ఇచ్చిందట. దాంతో మా ఆసుపత్రిలోనే ల్యాబు పెడతారు. నీళ్లలో, మూత్రంలో పళ్లనూ ఎముకలనూ పాడుచేసే ఫ్లోరైడ్ ఎంతుందో చెప్పే మీటరు వస్తుంది. నడిపేది నేను. ఏ ఊరి బోరు మంచిదో, ఏది కాదో తేల్చి, ఆ ఊరివాళ్లకు మేమే చెబుతాం. నాకు నోరెక్కువని పేరు. అయినా ఆరోజు గంగిరెద్దులా తలూపాను.

తలూపడానికి కారణం మా అక్క కూతురు. అక్కను ఇచ్చింది కళ్యాణదుర్గం దారిలో ఒక పల్లెకు. అక్కడ ఎండాకాలం నీళ్లంటే బావి అడుగున గంటకో చెంబు ఊరే బురద. అందుకని బోరు పడినరోజు ఊరంతా దానికి పసుపు కుంకుమలు పెట్టి టెంకాయలు కొట్టారు. అక్క కూతురు పుట్టినప్పటి నుంచీ ఆ నీళ్లే తాగింది. పాలపళ్లు ఊడి కొత్తవి వస్తుంటే, వచ్చినవి వచ్చినట్టే పచ్చటి చారలతో వచ్చాయి. అక్క వాటిని ఇటుకపొడితో చిగుళ్లలో నెత్తురొచ్చేలా తోమేది, పిల్ల ఏడ్చేది. మోకాళ్లు కూడా కొంచెం లోపలికి వంగుతున్నాయని నాకు అనుమానం. అక్కతో అనలేదు. మీటరు వస్తే మొదట ఆ బోరు నీళ్లే చూడాలనుకున్నాను.

ఆ పల్లెలో ఇల్లిల్లూ తిరిగి పిల్లల మూత్రం సీసాలకు పట్టేదాన్ని. పరాచికాలకు లోటు లేదు. "ఏమమ్మో, మా పిల్లోళ్ల ఉచ్చతో ఏం జేస్తారు మీ సార్లు? కషాయం కాస్తారా?" అని ఒక పెద్దాయన అడిగితే అరుగు మీద వాళ్లంతా పగలబడి నవ్వారు. ఇద్దరు ముగ్గురు తలుపులు కూడా తియ్యలేదు. అప్పుడు అక్కే ముందు నడిచింది. "మా చెల్లెలప్పా! మనకు అన్యాయం జేస్తాదా? ఇయ్యండి" అని ఒక్కొక్క ఇంటి ముందూ నిలబడి అడిగింది. అక్క మాట మీద ఇచ్చారు.

ఆసుపత్రిలో ఒక గదికి సున్నం కొట్టారు, బల్ల మీద తెల్లరాళ్లు పరిచారు, బోర్డు రాయించారు. నన్ను హైదరాబాదు పిలిపించి మీటరు వాడటం నేర్పించారు. తిరిగొచ్చాక రోజూ ఆ బల్ల తుడిచేదాన్ని. మీటరు మాత్రం రాలేదు. ఎండలు తగ్గనీ అన్నారు. ఎండలు తగ్గాక మీ కరెంటు నిలకడగా లేదన్నారు. మేము పట్టిన సీసాలు ఐసుపెట్టెలో హైదరాబాదు పోతూనే ఉన్నాయి. అక్కడి నుంచి ఒక్క కబురూ రాలేదు.

చివరికి గ్రాంటు ఇచ్చినవాళ్లు చూడటానికి వస్తున్నారని తెలిసింది. మీటరు కూడా వస్తోందన్నారు! సంతోషం పట్టలేక ముందురోజే అక్కవాళ్ల ఊరికి పోయి, బోరు కొట్టి, ఒక సీసా నీళ్లు తెచ్చుకున్నాను.

మీటరు జీపు వెనకసీట్లో దుప్పట్లో చుట్టుకుని వచ్చింది. ఆ పెద్దమనుషుల ముందు, ప్రొఫెసరు గారు ఇచ్చిన సీసా పరీక్ష చేసి చూపించాను. తర్వాత ఎవరినీ అడక్కుండా అక్కవాళ్ల ఊరి నీళ్లు పెట్టాను. ముల్లు ఆగినచోటు వంగి రెండుసార్లు చూశాను. పిల్లలకు తాగించకూడదని మాకు నేర్పిన కొలతను అది ఎప్పుడో దాటింది. వచ్చినవాళ్లు మెచ్చుకుని చెయ్యి కలిపారు, ఫోటో తీసుకున్నారు, భోజనానికి వెళ్లిపోయారు.

"సార్, ఇవి మనం పిల్లల సీసాలు పడుతున్న పల్లె బోరు నీళ్లు, రేపే పోయి ఆ ఊళ్లో చెప్పొస్తాను" అన్నాను ప్రొఫెసరు గారితో.

"తొందరపడకమ్మా. ఆ బోరు సంగతి పోయినేడే మాకు తెలుసు."

"తెలిసీ చెప్పలేదా సార్?"

"చెబితే ఆ నీళ్లు మానేస్తారు కదా. తాగుతూ ఎదిగే పిల్లల ఎముకలు ఏమవుతాయో చూడటానికేగా ఇదంతా. ఇంకో రెండేళ్లు ఓపిక పట్టు" అన్నారు. కోపం లేదు, దాపరికం లేదు. టీ తెమ్మని చెప్పే గొంతుతోనే చెప్పారు. వెనకాల ఆయన మనిషి అప్పుడే మీటరును మళ్లీ దుప్పట్లో చుడుతున్నాడు.

"మీ పిల్లలకైతే తాపుతారా సార్?" అన్నాను. ఆయన గడియారం చూసుకుని జీపెక్కారు.

ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య అంటారు. మేము బోడిమల్లయ్యలం అయ్యామని అప్పటికి గానీ నా బుర్రకెక్కలేదు. నమ్మించి గొంతు కోశారు. ఒళ్లు మండి, ఆ తెల్లరాళ్ల బల్ల మీద తలపెట్టి గట్టిగా ఏడ్చాను. ఆ గది తర్వాత విరిగిన మంచాలు దాచడానికి పనికొచ్చింది. మా ఊళ్లో ల్యాబు నడుస్తోందని వాళ్ల రిపోర్టులో అచ్చయిందట. మీటరు పక్కన నిలబడి నేను నవ్వుతున్న ఫోటో కూడా వేశారట.

జీపు వెళ్లిన మర్నాడు మొదటి బస్సుకే అక్క దగ్గరికి పోయాను. అక్క బోరు కొడుతోంది, పిల్ల బిందె పట్టుకుని ఉంది. గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పేశాను. ఈ నీళ్లు తాపొద్దని, నిన్న నా చేత్తోనే పరీక్ష చేశానని, పిల్ల పళ్లకూ కాళ్లకూ ఇదే కారణమని, సార్లు తెలిసీ చెప్పలేదని. అక్క బోరు కొట్టడం ఆపింది.

"మీ సార్లకు ఎప్పట్నుంచి తెలుసు?"

"పోయినేడు నుంచి."

"నీకు?"

"నిన్ననే తెలిసిందక్కా."

అక్క నా మొహంలోకి చూసింది. "నువ్వు పని జేసేది ఆడనే గదమే. వాళ్లకు తెలిసింది నీకు తెలీకుండా ఎట్లుంటాది? ఊరందరికీ నీ మీద నేను పూచీ పడితినే" అంది.

"లేదక్కా, నన్నూ మోసం చేసినారు. కావాలంటే దీని మీద ఒట్టు" అని పిల్ల తల మీద చెయ్యి పెట్టబోయాను.

అక్క పిల్లను చటుక్కున తన వెనక్కి లాక్కుంది.

"నా బిడ్డ మీద ఒట్టెయ్యాకు" అంది.