పది ఇళ్ల రికార్డు

"చేత్తో రాయిస్తే సరి" అన్నాడు మా సీనియర్ లెక్చరర్. మదనపల్లెలో మా డిగ్రీ కాలేజీ స్టాఫ్‌రూమ్‌లో గంటసేపు కూర్చుంటే తేలింది అదొక్కటే. పిల్లలు అసైన్‌మెంట్లన్నీ ఏఐతో రాయించుకొస్తున్నారు, ఏం చేద్దామన్నది చర్చ. సరే, చేత్తోనే రాయమన్నాం. ఫోన్ చూసి చేత్తో ఎక్కించుకొచ్చారు. ఒకడైతే చివర్లో ఆ యంత్రం అడిగే "ఇంకేమైనా సహాయం కావాలా?" అన్న వాక్యం కూడా ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, కింద స్కేలు పెట్టి గీత గీశాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మేమేమీ సుద్దపూసలం కాదు. తనిఖీ కమిటీకి పెట్టే రిపోర్టులు, ఏడాది పాఠాల ప్లాన్లు ఎవరు రాస్తున్నారో స్టాఫ్‌రూమ్‌లో అందరికీ తెలుసు. నావీ అదే రాస్తోంది. అయినా పిల్లల దగ్గరికొచ్చేసరికి మాకు ఎక్కడలేని నీతి పుట్టుకొస్తుంది.

నేను ఎకనామిక్స్ చెబుతాను. ఆఖరి ఏడాది ప్రాజెక్టు నా చేతిలో ఉంది. మీ ఊళ్లో పది ఇళ్లు తిరగండి, సేద్యం ఎలా చేస్తున్నారో అడగండి, విన్నది రాయండి అన్నాను. మీ ఊరి సంగతి ఫోన్‌కేం తెలుసని నా ధీమా. పుంగనూరు నుంచి వచ్చే బస్సులో తట్టిందీ ఉపాయం. నా తెలివికి నేనే మురిసిపోయాను. అయితే రికార్డు ఇంగ్లీషులోనే ఉండాలన్నది కాలేజీ నిబంధన. ఏఐ వాడలేదని సాఫ్ట్‌వేర్ ఇచ్చే కాగితం కూడా జత చేయాలి. తెలుగు మీడియం పిల్లలు అంత ఇంగ్లీషు ఎక్కడి నుంచి తెస్తారని మాలో ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు.

సోమల దగ్గరి పల్లె నుంచి వచ్చే ఒకమ్మాయి రికార్డు చదువుతుంటే నాకు ఒళ్లు మండింది. తప్పు పట్టడానికి వీల్లేని ఇంగ్లీషు. అంతకంటే మండించింది అందులోని విషయం. ఒకతను టమోటా పెడతాడట. పక్క చేలో పట్టుపురుగుల మేతకు వేసిన మల్బరీ. ఆ మల్బరీ వాళ్లింట్లో పట్టుపురుగులు గూళ్లు కట్టేదాకా ఇతను టమోటాకు మందు కొట్టడట. తన టమోటా చెట్లకు పురుగు పడుతున్నా ఆగుతాడట. అందుకు బదులుగా వాళ్లు వచ్చి ఇతని టమోటా కోసిపెడతారట. పక్కవాడి కోసం తన పంట పాడుచేసుకునే రైతు నేను చెప్పే ఏ పాఠంలోనూ లేడు. యంత్రం అల్లిన కట్టుకథే అనుకున్నాను. సాఫ్ట్‌వేర్ కూడా ఇది యంత్రం రాసిందేనని ఎర్రగా చూపించింది.

స్టాఫ్‌రూమ్‌కు పిలిపించి అందరి ముందే అడిగాను. "ఇది నువ్వు రాసిందేనామ్మా?"

"ఇంగ్లీషు ఫోన్‌తో చేయించినాను సార్. నాకు అంత రాదు. తెలుగులో ముందు నేనే రాసుకున్యాను. మాటలన్నీ మా ఊరోళ్లవే."

"ఏ ఊళ్లో అమ్మా ఇట్లాంటి రైతు ఉండేది?"

"మా ఊర్లోనే సార్. వచ్చి సూడండి."

నాకే సవాలు విసురుతుందా అని ఇంకా రేగిపోయాను. సోమవారం లోపు మళ్లీ చేసుకురా, లేదంటే సున్నా అన్నాను. ఆ పిల్ల కుప్పంలో పీజీ సీటుకు దరఖాస్తు పెట్టుకుంది. ప్రాజెక్టు పోతే పట్టా ఆగుతుంది, పట్టా లేకపోతే సీటు లేదు. అది తెలిసే అన్నాను.

ఆదివారం సోమల బస్సెక్కాను. న్యాయం చేయడానికేం కాదు, ఆ పిల్ల అబద్ధం బయటపెట్టడానికి. ఆ పిల్ల ఊరి బయటే కనిపించింది, మల్బరీ పక్కన టమోటా. ఆకులు జల్లెడలా ఉన్నాయి. గట్టు మీద కూర్చున్న ఆయన్ను మందెందుకు కొట్టలేదని అడిగాను.

"కొడితే గాలికి పొయ్యి ఆకు మింద పడతాది సార్. ఆ ఆకు మేస్తే పట్టుపురుగులు సచ్చిపోతాయి. ఇంగ రెండు దినాల్లో గూళ్లు కడతాయి. అందాకా ఓర్సుకోవల్ల."

"నీకు నష్టం కదప్పా?"

"నష్టమే. పక్కపక్కన ఉండాము, ఏం జేస్తాము?" అని నా మొహంలోకి చూశాడు. "మొన్న ఒక పాప వచ్చి ఇదంతా రాసుకోని పాయ. మల్లా మీరు యాల అడగతాండారు?"

ఊరికే అడిగానని చెప్పి లేచాను. చదువు చెప్పేవాణ్నని చెప్పుకోలేదు. బస్సులో వెనక్కి వస్తూ నన్ను నేను తిట్టుకున్నాను. పూర్తి మార్కులు వేయాలని, అందరి ముందే ఆ పిల్లకు తప్పయిందని చెప్పాలని నిశ్చయించుకున్నాను.

సోమవారం పొద్దున నేను వెళ్లేసరికే నా టేబుల్ మీద కొత్త రికార్డు ఉంది. పక్కనే ఆ అమ్మాయి. మామూలు తప్పుల ఇంగ్లీషు. భారతదేశానికి వ్యవసాయం వెన్నెముక అని మొదలైంది. మల్బరీ లేదు, టమోటా లేదు, ఆగిన రైతు లేడు. జత చేసిన కాగితంలో సాఫ్ట్‌వేర్ ఇది మనిషి రాసిందేనని పచ్చగా చూపిస్తోంది.

"ఇదెక్కడిదమ్మా?"

"మా ఊరి అక్కది సార్. అప్పుట్లో ఆమె ఈడనే చదివింది. ఆమె రికార్డు సూసి దించినాను."

"మొదటిదే ఉంచుదామమ్మా. నిన్న మీ ఊరికి పోయి చూసొచ్చాను. అంతా నిజమే. తప్పు నాది."

 ఆ పిల్ల మొహంలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"దానికి ఎర్ర కాగితం వచ్చింది కదా సార్. పైనోళ్లు ఒప్పుకుంటారా?"

ఒప్పుకోరు. ఆ సంగతి నాకు తెలుసు. మాట్లాడి చూస్తానన్నాను.

"వద్దు సార్. ఇదే ఉండనీయండి. నాకు సీటు కావల్ల."

కొత్తదాని మీదే సంతకం పెట్టాను. ఆ ఏడాది నా దగ్గరకొచ్చిన రికార్డుల్లో నిజంగా పది ఇళ్లు తిరిగి రాసింది ఒక్కటే. దాన్ని రికార్డుల కట్టలోంచి తీసి ఆ పిల్ల చేతికే తిరిగి ఇచ్చేశాను.