బాపు డబ్బా, బాపమ్మ బూడిద

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏ మూత తీసినా కింద విత్తనాలే కనిపించేవి. ఆవాలనుకుని నూనెలో వేస్తే అవి తోటకూర గింజలయ్యేవి. తల కింద దిండు పెట్టుకుంటే చెవి దగ్గర బీర గింజలు గలగలమనేవి. అమ్మ కుంకుమ భరిణెలో కుంకుమ తప్ప అన్నీ ఉండేవి. వసారా దూలానికి వేలాడే ఎండు సొరకాయ వచ్చినవాళ్లందరి నెత్తికీ తగిలేది. వెనక గోడ నిండా పేడ ముద్దలు, వాటిలో గుమ్మడి గింజలు. ఇదంతా మా బాపమ్మ, అంటే మా నాన్నను కన్న తల్లి, చేసే నిర్వాకం. పోనీ ఏ గింజ ఎక్కడ దాచిందో ఆమెకైనా గుర్తుండేదా అంటే అదీ లేదు. శివరాత్రి దాటి ఎండాకాలపు పాదులు పెట్టే రోజులు రాగానే ఇల్లంతా తిరగేసేది. దోస గింజల కోసం మొదలుపెడితే కాకర గింజలు దొరికేవి. కాకర కోసం వెతికితే పోయిన ఏడు పోగొట్టుకున్న చెవిపోగు దొరికేది. ఆ వెతుకులాటలో అటక ఎక్కడానికీ, మంచం కింద దూరడానికీ నేనే కావాలి. బడి నుంచి వచ్చి పుస్తకాల సంచి దించకముందే పిలుపు వచ్చేది. నాకు ఒళ్లు మండిపోయేది.

మేమప్పుడు కాజీపేటలో రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్లం. నాన్నను మేము బాపు అని పిలిచేవాళ్లం. బాపు సిగ్నల్ కేబిన్‌లో పనిచేసేవాడు. ఏ రైలు ఏ పట్టాల మీదికి రావాలో చూసి లీవర్లు లాగే పని. ఆ పనికి తగ్గ మనిషే. విప్పిన చెప్పుల్ని కూడా పక్కపక్కన సమంగా పెట్టేవాడు. అలాంటి మనిషికి ఇలాంటి తల్లి. వాళ్లిద్దరి మధ్యా పడలేక అమ్మ వంటింట్లోకి పోయి తలుపు దగ్గరికి వేసుకునేది. నాకు ఆ వంటిల్లు కూడా లేదు.

ఆ ఏడు చలికాలం ముందు జరిగిన కంటి పరీక్షలో బాపుకు దూరపు చూపు చాలలేదన్నారు. కేబిన్ నుంచి తీసి స్టోర్‌లో కూర్చోబెట్టారు. ఉద్యోగమైతే పోలేదు గాని, మనిషి మనిషిలా లేడు. అన్నం తింటూ తింటూ రైలు కూత వినపడగానే సగం లేచేవాడు. లేచాక గుర్తొచ్చి మళ్లీ కూర్చునేవాడు. ఆ తర్వాత ముద్ద దిగేది కాదు. ఎవరితోనూ మాట లేదు. మాట లేని ఆ మనిషి ఇల్లు సర్దడం మొదలుపెట్టాడు. గిన్నెలు, గొడుగులు, నా బలపాలు, అన్నీ అయిపోయాక ఆయన చూపు బాపమ్మ విత్తనాల మీద పడింది.

పెద్ద బిస్కెట్ల డబ్బా ఒకటి తెచ్చి, లోపల రేకు ముక్కలతో అరలు చేశాడు. బాపమ్మను గింజలన్నీ తెమ్మన్నాడు. ఇక ఇంట్లో యుద్ధమే అనుకుని నేను గడప మీద కూర్చున్నాను. బాపమ్మ కిక్కురుమనకుండా తెచ్చి ఆయన ఒళ్లో పోసింది. ఆమె గింజలెప్పుడూ పిడకల బూడిదలో కలిపి ఉంచేది. అది చూసి బాపు తల్లి వంక మొహం చిట్లించాడు. "విత్తనాలకు ఈ మసేందవ్వా? నీటుగ ఉండాలె," అని, అన్నిటినీ నీళ్లలో కడిగి, చాట మీద ఆరబోసి, అరల్లో పోసి మూత బిగించాడు. చలికాలపు ఎండ ఇట్టే వచ్చి అట్టే పోతుందన్న సంగతి ఆయనకు తట్టలేదు. ఆ తర్వాత పెరట్లో పుల్లలు పాతి, దారం కట్టి, ఈ వరుస దోస, ఆ మూల బీర, గోడ వారన కాకర అని ముందే నిర్ణయించేశాడు. దారం రెండో కొస పట్టుకున్నది మళ్లీ నేనే. కొంచెం వదులైతే చాలు, "సక్కగ పట్టు" అని కసురు. అయినా ఒక్కటే సంతోషం, అటక ఎక్కే పని తప్పింది.

శివరాత్రి దగ్గర పడ్డాక ఒక మధ్యాహ్నం, బాపు పనికి పోయినప్పుడు, బాపమ్మ నన్ను స్టూలెక్కించి ఆ డబ్బా దింపించింది. మూత తీయగానే ముక్కిపోయిన వాసన గుప్పుమంది. బీర గింజలు బూజు పట్టి ముద్ద కట్టాయి. దోస గింజలు మొలకెత్తబోయి మురిగిపోయాయి. ఒక్క అర కూడా బాగాలేదు. నిజం చెప్పాలంటే నాకు లోపల ఎంత హాయిగా ఉందో చెప్పలేను. నా బలపాలు సర్దినందుకు, దారం పట్టించినందుకు, అన్నిటికీ కలిపి సరిపోయింది. బాపు రాగానే చెప్తానని గెంతాను.

బాపమ్మ నా చెయ్యి మోచేతి పైన పట్టుకుని గిచ్చింది. అలా ఇలా కాదు, కళ్లల్లో నీళ్లు తిరిగేలా గిచ్చింది. ఆమె అంతకుముందు నన్ను ఒక్క దెబ్బ కూడా వేయలేదు.

"కండ్లు పనికిరావని ఆడ అన్నరు," అంది మెల్లగా. "చేతులు గూడ పనికిరావని ఇంట్ల మనమందామా?"

ఆ వెంటనే నన్ను పనికి పురమాయించింది. బాపుకు ఇచ్చింది సగమేనట. మిగతా సగం ఎప్పటిలాగే ఇల్లంతా ఉందట. ఇక చూడండి నా తిప్పలు. దిండు విప్పి, దూది చిమ్మి, గింజలు ఏరి, మళ్లీ కుట్టాను. బియ్యం బస్తాలో భుజం దాకా చెయ్యి పెట్టాను. అటక మీద బూడిద కుండ దించుతుంటే సగం బూడిద నా నెత్తిన పడింది. కాకర గింజలు ఎక్కడ పెట్టిందో గుర్తురాక, ఆమె తీరిగ్గా కళ్లు మూసుకుని ఆలోచిస్తుంటే, నాకు గోడకు తల బాదుకోవాలనిపించింది. చివరికి అవి ఆమె కొంగు ముడిలోనే ఉన్నాయి. బూజు పట్టినవి పొయ్యిలో వేసి, డబ్బా తుడిచి, ఒక్కో గుప్పెడు గింజల్నీ బూడిద పోయేలా కొంగుతో రుద్ది అరలు నింపింది. "మీ బాపుకు జెప్తివో, సూడు మల్ల," అంది. నోట్లో నువ్వుగింజ నానని నాకు అంతకన్నా పెద్ద శిక్ష లేదు.

శివరాత్రి వెళ్లిన ఆదివారం బాపు అందర్నీ పెరట్లోకి పిలిచి డబ్బా తెరిచాడు. బీర గింజలు అరచేతిలో పోసుకున్నాడు. బొటనవేలితో వాటిని ఒకసారి రాసి, ఆ వేలి వంక కాసేపు చూసి, బనీనుకు తుడుచుకున్నాడు.

"సూసినవా అవ్వా, డబ్బా అంటె గిట్లుండాలె," అన్నాడు.

"అవు కొడుకా, నాకేడ తెలుస్తది," అంది బాపమ్మ.

నాకు కడుపు ఉబ్బిపోయింది. మోచేతి పైన ఇంకా నల్లగా కమిలే ఉంది, దాన్ని పట్టుకుని ఊరుకున్నాను. గింజలన్నీ మొలిచాయి. బాపు పొద్దున్నే లేచి పాదుల దగ్గర కూర్చునేవాడు. మెల్లగా మాట వచ్చింది, తర్వాత ఆకలి వచ్చింది. రైలు కూస్తే కూయనీ అన్నట్టు పందిరికి తాళ్లు కట్టుకునేవాడు. క్వార్టర్ల వాళ్లు వచ్చి ఆ డబ్బా చూసి మెచ్చుకుని, తమకూ అలాంటివి చేసిపెట్టమని అడిగారు. బాపు కూర్చుని చేసిపెడుతున్నాడు కూడా! లోకమంతా ఒక అబద్ధపు డబ్బాకు దండాలు పెడుతుంటే చూస్తూ కూర్చోవడం ఎంత కష్టమో నాకే తెలుసు.

మళ్లీ చలికాలం వచ్చింది. ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి బాపు డబ్బా ముందేసుకుని ఉన్నాడు. గింజలు కడగలేదు. బాగా ఎండినవి పక్కన ఉన్నాయి. డబ్బాలో ఒక్కో అర అడుగున పిడకల బూడిద పోస్తున్నాడు. మసి అన్నావు కదా అని అడిగాను.

బాపు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "దూరం సిగ్నల్ కనవడలే గని, చేతికంటిన బూడిద గూడ కనవడదా బిడ్డా? మీ బాపమ్మకు చెప్పకు."

అదీ నా బతుకు. బాపుకు చెప్పకని ఆమె, బాపమ్మకు చెప్పకని ఈయన. ఇద్దరూ హాయిగా ఒకరినొకరు కాపాడుకుంటుంటే, మధ్యలో ఊపిరాడక చచ్చింది నేను. ఆ తర్వాత ఏటేటా శివరాత్రి వెళ్లాక బాపు డబ్బాను పొగడడం, బాపమ్మ నాకేడ తెలుస్తదనడం, నేను పళ్లు నూరుకోవడం. ఇద్దరూ పోయేదాకా ఒకరి సంగతి ఒకరికి నేను చెప్పలేదు.

ఇప్పుడు హనుమకొండలో మా కోడలు మేడ మీద కుండీల కోసం విత్తనాలు తెప్పించి, రంగురంగుల ప్లాస్టిక్ డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లో పెడుతుంది. పాల గిన్నెకు చోటుండదు. మొన్న ఒక డబ్బాలో చెమ్మ చేరి బెండ గింజలు బూజు పట్టడం చూశాను. నేను ముందే చెప్పానని అనడానికి నోరు తెరిచాను. కోడలు ఆ రోజే ఆఫీసులో ఏదో మాటపడి, తినకుండా పడుకుంది. మోచేతి పైన చురుక్కుమంది. నోరు మూసుకుని, నేను గింజలు దాచుకునే బూడిద కుండ ఎక్కడ పెట్టానో వెతకడానికి లేచాను. ఇంతా చేసి అది ఎక్కడ పెట్టానో నాకూ గుర్తులేదు.