భోగ్యం ఇంటిని పొగడాల్సి రావడం

మా ఓనరమ్మ నన్ను మొదటిసారి అవమానించింది మేము ఆ ఇంట్లో పాలు పొంగించిన రోజునే. పైకి వచ్చి, మా ఫ్రిజ్‌ను ఎగాదిగా చూసి, "ఇది పిల్లలు ఆడుకునేదా అప్పా?" అంది. మా ఆవిడ నవ్వింది. నేను నవ్వలేదు. ఆవిడ నవ్విన సంగతి కూడా నాకు గుర్తుంది.

ఇల్లు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ వెనకాల ఒక ఇరుకు సందులో ఉండేది. అడ్రసులో మాత్రం లేఅవుట్ పేరే రాసుకునేవాళ్ళం. కింద ఓనరమ్మ ఒక్కతే, పైన మేమిద్దరం. అద్దెకు కాదు, భోగ్యానికి. బెంగళూరుకు కొత్తగా వచ్చినవాళ్ళు దీన్నే లీజు అంటారు. ఓనరుకు ఒకేసారి పెద్ద మొత్తం ఇచ్చేస్తాం, ఇక నెలనెలా అద్దె ఉండదు. గడువు తీరాక మన మొత్తం మనకు తిరిగి వస్తుంది, వడ్డీ మాత్రం రాదు. అంటే మనం ఆమెకు అప్పు ఇచ్చినట్టు, ఇల్లు మన దగ్గర తాకట్టులో ఉన్నట్టు. మేము మూడేళ్ళకు పన్నెండు లక్షలు ఇచ్చాం. లెక్క ప్రకారం ఆ మూడేళ్ళూ ఆమె నాకు బాకీ. బాకీ ఉన్న మనిషి అప్పిచ్చినవాడి ఫ్రిజ్‌ను ఎగతాళి చేయడం మీరెక్కడైనా చూశారా?

ఇంటి సంగతి చెప్తాను. కుళాయిలు ఆమె నగర్తపేటలో తూకానికి కొని తెచ్చిందని నా అనుమానం. స్నానాల గదిలోది ఉల్టా తిరిగేది. రెండు బకెట్లు చన్నీళ్ళు పారబోస్తే గానీ వేడినీళ్ళు వచ్చేవి కావు. పడకగది తలుపు గొళ్ళెం గట్టిగా లాగితే చేతికి వచ్చేది. వంటింటి గోడకు ఏడాది పొడుగునా చెమ్మ. ఇవి చాలవన్నట్టు, మేము దిగిన మర్నెల నుంచే మిద్దె మీద ఇంకో గది కట్టడం మొదలుపెట్టింది. ఎనిమిది నెలలు నా నెత్తి మీద సుత్తి మోగింది. ఉగాదికి వీధంతా ఒబ్బట్లు పంచి నాకు మాత్రం చిరిగింది పంపింది. "అన్నీ ఒకే పిండి కదప్పా" అంది అడిగితే. అన్నీ ఒకే పిండి అయినప్పుడు చిరగనిది ఎందుకు పంపలేదు?

కిందికి దిగి ఏ ఫిర్యాదు చేసినా ఆమెది ఒకే జవాబు. "నీవొక్కడివే అప్పా అడిగేది. నీ ముందుండినాయన దేవుడు."

ఆ దేవుణ్ణి నాకు తెలుసు. మాకు ఇల్లు చూపించింది ఆయనే. "నీళ్ళంటారా, సాక్షాత్తూ గంగమ్మే అనుకోండి" అని, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మంచి కుళాయి తిప్పి చూపించాడు. మూడేళ్ళ పాటు ఉల్టా కుళాయి తిప్పిన ప్రతిసారీ ఆ మనిషిని తలుచుకున్నాను.

గడువు తీరే సమయానికి మేము హెబ్బగోడి దాటాక ఒక చిన్న ఫ్లాటు చూసుకుని అడ్వాన్సు కట్టాం. మిగతాది బ్యాంకు ఇస్తుంది గానీ, మా వాటా పన్నెండు లక్షలు నెలాఖరుకు బిల్డరుకు కట్టాలి. కట్టకపోతే అడ్వాన్సు రాదు, ఫ్లాటు వేరేవాళ్ళకు పోతుంది. మాకు సొంతమని చెప్పుకోదగ్గ డబ్బు ఈ భోగ్యం డబ్బు ఒక్కటే. అందుకని కిందికి దిగి, "మా పన్నెండు లక్షలూ సిద్ధంగా ఉంచండి" అన్నాను.

ఓనరమ్మ అనపకాయలు ఒలుస్తోంది. చెయ్యి ఆపకుండానే నన్ను జాలిగా చూసింది.

"అది నా దగ్గర యాడుండాదప్పా? పది నీ ముందుండినాయనకి ఇచ్చేస్తి. రెండు పెట్టి మిద్దె మీద రూము కట్టిస్తి."

అంటే నా నెత్తి మీద ఎనిమిది నెలలు మోగిన సుత్తికి కూలి ఇచ్చింది నేనే.

"మరి నాకెట్లా ఇస్తారు?"

"వచ్చేటోడు నాకిస్తాడు, నేను నీకిస్తా. అందరూ అట్లనే కదా. నీవే ఎవరినన్నా చూడు. వచ్చినోళ్ళకి ఇల్లు చూపించు. స్వల్ప బాగా చెప్పప్పా, మూతి ముడుచుకోని నిలబడొద్దు."

గంగమ్మ పెద్దమనిషి అంత తియ్యగా ఎందుకు మాట్లాడాడో అప్పుడు తెలిసింది. కారణం తెలిసింది కాబట్టి క్షమించానని మాత్రం అనుకోవద్దు.

ముందుగా ఒక కొత్త జంట వచ్చింది. అమ్మాయి కుళాయిలు చూస్తూ, "నీళ్ళు బాగా వస్తాయా అంకుల్?" అంది. గంగమ్మ అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట నాలుక దాకా వచ్చి ఆగిపోయింది. "వస్తాయి" అన్నాను. తర్వాత "రావడం వరకూ వస్తాయి" అన్నాను. ఆ తర్వాత ఇక ఆగలేకపోయాను. గోడ చెమ్మ దగ్గరికి వచ్చేసరికి వాళ్ళు చెప్పులు వేసుకుంటున్నారు. ఉగాది ఒబ్బట్టు సంగతి మెట్ల మీద వెంటబడి చెప్పాను.

"ఎవరైనా వస్తే మీరు నోరు మూసుకుని పడకగదిలో కూర్చోండి" అంది మా ఆవిడ.

కూర్చున్నాను. తర్వాత వచ్చిన కుటుంబానికి ఆవిడే ఇల్లంతా చూపించి, అందరినీ నవ్విస్తూ, పడకగది దాకా తీసుకొచ్చింది. ఆ ఇంటి పెద్దాయన తలుపు తీయబోయాడు. నేను లోపలి నుంచి మర్యాదగా, "గట్టిగా లాగకండి, గొళ్ళెం ఊడొస్తుంది" అన్నాను. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. వాళ్ళూ వెళ్ళిపోయారు.

"మీకు ఫ్లాటు కావాలా, ఓనరమ్మ మీద గెలవడం కావాలా?" అని అడిగింది మా ఆవిడ.

రెండూ కావాలన్నాను. ఆ రోజు నా అన్నం నేనే పెట్టుకున్నాను.

నెలాఖరుకు వారం ఉందనగా ఒకాయన వచ్చాడు. ఆదిలాబాద్ వైపు మనిషి, ఏదో కంపెనీలో లెక్కలు చూస్తాడట. పట్టపగలు చేతిలో టార్చిలైటు. గుమ్మంలోనే ఆగి పైకప్పు మీదికి వెలుగు వేశాడు. నేను పడకగదికి బయల్దేరేలోగా ఆయన స్నానాల గదిలో దూరాడు.

"ఏంది సార్, నల్లా ఉల్టా తిరుగుతాంది?"

ఆ ముక్క మూడేళ్ళుగా నేనంటున్నదే. కానీ ఆయన నోట వినేసరికి నాకెందుకో ఒళ్ళు మండింది.

"ఉల్టా ఏం కాదు. రెండు రోజులు తిప్పితే చేతికి అదే అలవాటవుతుంది."

"ఈ గోడకు చెమ్మ ఉన్నది."

"ఏప్రిల్‌లో వచ్చి ఆ గోడకు వీపు ఆనించి చూడండి. అప్పుడు మాట్లాడండి."

"వేడినీళ్ళు జల్ది వస్తయా?"

"రెండు బకెట్లు పోతాయి. అవి మొక్కలకు పోస్తాం. మా మల్లెచెట్టు పూసినట్టు ఈ సందులో ఎవరిదీ పూయదు."

మా ఆవిడ నోరు తెరుచుకుని చూస్తోంది. ఆయన పడకగది తలుపు మీద వేలితో కొట్టి, "గిది తలుపా, అట్టముక్కా?" అన్నాడు.

ఆ తలుపును అట్టముక్క అనే హక్కు కోసం నేను పన్నెండు లక్షలు కట్టాను. ఈయన ఇంకా మా ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగలేదు. దాంతో నాకు పూనకం వచ్చినట్టయింది. ఆ ఇంటి గాలి గురించి, వెలుతురు గురించి, పొద్దున వంటింట్లో పడే ఎండ గురించి చెప్పాను. అన్నీ నిజాలే. మూడేళ్ళు అక్కడ ఉండి ఎప్పుడూ పైకి అనలేదంతే. ఆయన టార్చి ఆర్పేశాడు.

"సరే సార్. మంచిగనే ఉన్నట్టుంది. పన్నెండే కదా?"

మా ఆవిడ కళ్ళు మూసుకుని దేవుడికి దణ్ణం పెట్టుకుంది. సరిగ్గా అప్పుడు మెట్ల మీద నుంచి గొంతు వినిపించింది. ఓనరమ్మ ఎప్పటి నుంచి వింటోందో తెలియదు.

"ఇంత మంచి ఇల్లని నాకే తెలీకపాయె! పన్నెండు కాదప్పా, పదమూడు."

ఆయన ముఖం మాడిపోయింది. బూట్ల కోసం వెతుక్కోవడం మొదలుపెట్టాడు. మా ఫ్లాటు ఆ బూట్లేసుకుని వెళ్ళిపోతున్నట్టు అనిపించింది.

"పదమూడా? దేనికి పదమూడు?" అని ఓనరమ్మ మీద లేచాను. ఉల్టా కుళాయి దగ్గర మొదలుపెట్టి, గొళ్ళెం మీదుగా గోడ చెమ్మ దాకా, ఒక్కటి వదలకుండా ఏకరువు పెట్టాను. మా ఆవిడ వెనక నుంచి నా చొక్కా లాగుతూనే ఉంది. ఆదిలాబాద్ ఆయన బూటు చేతిలో పట్టుకుని శ్రద్ధగా విన్నాడు.

నేను ఊపిరి తీసుకునే సందులో, "అట్లయితే పదకొండు" అన్నాడు.

ఓనరమ్మ నా వైపు వేలు చూపించింది. "సరే, పదకొండు. ఈయప్పే చెప్పె కదా, ఇంకేముండాది దాచేదానికి."

ఆయన సంతోషంగా రెండో బూటు వేసుకుని వెళ్ళాడు. అప్పుడు నాకు లెక్క తట్టింది.

"మరి నా లక్ష?"

"పోగొట్టింది ఎవరప్పా? నేనా తిట్టింది?"

"ఆమె అన్నది కరెక్టే" అంది మా ఆవిడ. ఇది కూడా నాకు గుర్తుంది.

ఓనరమ్మే దారి చెప్పింది. పదకొండు చేతికి రాగానే నాకు ఇచ్చేస్తుంది. మిగిలిన లక్షకు మిద్దె మీద గది నాకు భోగ్యం. లక్ష తిరిగిచ్చే రోజుదాకా తాళంచెవి నా దగ్గరే. అన్న మాట ప్రకారం పదకొండూ ఇచ్చింది, ఆ మాట ఒప్పుకోవాలి. తగ్గిన లక్ష మా బావమరిది సర్దాడు. "వడ్డీ ఏం వద్దులే బావా" అని, వాళ్ళ ఇంట్లో అందరూ భోజనాలు చేస్తున్నప్పుడు, చివరి విస్తరి దాకా వినపడేలా అన్నాడు. నెలాఖరుకు బిల్డరుకు కట్టేశాం. ఫ్లాటు మాదయింది.

ఇప్పుడు ప్రతి ఆదివారం రెండు బస్సులు మారి ఆ గదికి వెళ్తాను. లక్ష రూపాయల గది, వాడుకోకపోతే నష్టం ఎవరికి? అక్కడ ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని పేపరు చదువుతాను. ఫ్యాను లేదు, కొక్కెం మాత్రం ఉంది. మొదటి ఆదివారమే కిందికి దిగి అడిగాను.

"లక్షకి ఫ్యాను రాదప్పా" అంది.

పోయిన వారం ఆమె కాఫీ తెచ్చింది, వెనకాలే ఒక సంచి. "ఇదిగో నీ లక్ష. చీటీ ఎత్తితి. తాళంచెవి ఇచ్చేసి సుమ్నే, గమ్మున ఇంటికి పోప్పా."

కాఫీ తాగాను. సంచి ముట్టుకోలేదు. భోగ్యానికి ఇచ్చిన గదిని మనిషి ఉండేలా ఇవ్వాలి. ముందు ఫ్యాను పెట్టించండి, తర్వాత ఖాళీ చేస్తానని చెప్పాను.

ఇంటికొచ్చి ఈ సంగతి మా ఆవిడకు చెప్పాను. "ఖాళీ చేసే గదికి ఫ్యాను ఎందుకండీ?" అంది.

ఆవిడ ఎవరి పక్షమో నాకు మొదటి నుంచీ తెలుసు. బావమరిదికి ఫోన్ చేసి, తన లక్ష కోసం ఇంకొన్నాళ్ళు ఆగమన్నాను.